మీరు తీసిన సౌండ్లు, మీరు కట్టిన లూప్‌లు నెట్‌లో పదిమందికి ఇవ్వాలంటే

మీరు పెట్టిన సౌండ్‌ను దించుకునే మనిషి మీకు తెలియదు. అర్ధరాత్రి ఏ ఊళ్లోనో కూర్చుని షార్ట్ ఫిల్మ్‌కో, మొబైల్ గేమ్‌కో సౌండ్లు వెతుక్కుంటుంటాడు. అతనికి సవాలక్ష అనుమానాలు. ఇందులో అసలేముంది? నేను వాడుకోవచ్చా? డబ్బులొచ్చే పనిలో వాడితే రేపు గొడవవుతుందా? లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ తిప్పుకునే ముక్క) అయితే టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు) ఎంత, శ్రుతి ఎంత? మీకు ఫోన్ చేసి అడగలేడు. మెసేజ్ పెట్టి జవాబు కోసం ఆగే ఓపికా ఉండదు, పక్క ఫైలుకి వెళ్లిపోతాడు. కాబట్టి ఆ అనుమానాలన్నీ మీ ఫైలే తీర్చాలి. కింద చెప్పేదంతా దానికోసమే. రికార్డు చేయడం ఇందులో చిన్న పని, అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

నేను చెన్నైలో ఉంటాను కనుక ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను. మీది ఏ ఊరైనా పద్ధతి మారదు.

ఏం తీయాలో ముందు తేల్చుకోండి

వాన, ఉరుము, తలుపు కిర్రుమనడం, కుక్క మొరగడం లాంటివి నెట్‌లో ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్లు 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ అనే సైట్‌లో ‘రెయిన్’ అని కొట్టి చూడండి, పేజీలకు పేజీలు వస్తాయి. మీది ఇంకో వాన అయితే దాన్నెవరూ పట్టించుకోరు. అదే మీ వంటింట్లో, మీ వీధిలో ఉండి ఆ సైట్లలో లేనిదేమిటో చూసుకోండి. గ్రైండర్‌లో మినప్పిండి తిరగడం, ఇనప మూకుట్లో తాలింపు, ఎంటీసీ సిటీ బస్సు కండక్టర్ విజిల్, మాంబలం స్టేషన్లో లోకల్ ట్రైన్ ఆగి కదలడం, కాశిమేడు చేపల రేవులో పడవల ఇంజన్లు, ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టె దబ్బున ఆనడం. చెన్నైలో కథ నడిపించాలనుకున్న బయటి ఎడిటర్‌కి ఇవి దొరకవు. దొరక్క ఏ ఊరి ట్రాఫిక్కో వేసి సరిపెట్టుకుంటున్నాడు, సినిమా చూసే మనకు చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

ఇంకో సలహా. పది చోట్ల పది ముక్కలు తీసేకంటే ఒక్క వస్తువు పట్టుకుని దాని చప్పుళ్లన్నీ తీయండి. ఒక్క విజిల్ పెడితే ఎవరైనా ఒకసారి వాడుకుంటారు. పొడుగు విజిల్, పొట్టి విజిల్, రెండుసార్లు ఊదింది, బస్సు లోపలి నుంచి, ఫుట్‌పాత్ మీది నుంచి... ఇలా ఎనిమిది ముక్కలు ఒక ప్యాక్‌గా పెడితే ఒక సీన్ మొత్తం కట్టుకోవచ్చు.

లూప్‌లైతే లూపర్‌మ్యాన్ లాంటి సైట్లకు వెళ్లండి. అక్కడికొచ్చేవాళ్లు పాటలు కట్టేవాళ్లు. ఫ్రీసౌండ్‌లోనూ లూప్‌లు పెట్టొచ్చు కానీ పూర్తి పాటలు మాత్రం తీసుకోరు. ఎక్కడ పెట్టినా ముందు ఆ చోటి నియమాల పేజీ ఒకసారి చదివితే తర్వాత తిరస్కరణ తప్పుతుంది.

రికార్డింగ్

రికార్డర్ లేదని ఆగిపోకండి, ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు. ఐఫోన్‌లో అయితే వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్ అని మార్చుకోండి. ఆండ్రాయిడ్‌లో వేవ్ ఫైలుగా తీసే రికార్డర్ యాప్ వేసుకోండి. ఫోన్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. అది మాట కోసం తయారైంది గనుక గట్టి చప్పుడు రాగానే తానే తగ్గిస్తుంది, నిశ్శబ్దం రాగానే తానే పెంచుతుంది. కుక్కర్ విజిల్ తీస్తే మొదట భళ్లుమని, తర్వాత ఎవరో గొంతు నొక్కినట్టు వినిపించేది అందుకే. యాప్‌లో ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్ అని ఏమైనా ఉంటే రెండూ ఆపేయండి.

చేతిలో పట్టే చిన్న రికార్డర్ కొనుక్కుంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. వీడియో వాళ్లందరూ 48లోనే పనిచేస్తారు. స్టీరియోలో నిమిషానికి సుమారు 17 ఎంబీ అవుతుంది, ఇప్పటి మెమరీ కార్డులకు అదో లెక్క కాదు. లెవల్ మీటరులో గట్టి చప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. సున్నాను తాకి చిట్లిన సౌండ్‌ను తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. తక్కువగా వచ్చినదాన్ని మాత్రం పెంచుకోవచ్చు, 24 బిట్‌లో తీయమనేది అందుకే.

బీచ్ కెళితే మైకు మీద బొచ్చు కవర్ లేకుండా వెళ్లకండి. మెరీనాలో సాయంత్రం గాలికి మామూలు స్పాంజి ఆగదు. అల బదులు గాలి కొట్టిన దెబ్బలే రికార్డవుతాయి.

ఇంట్లో తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ మూడూ ఆపాలి. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేయడం మర్చిపోతారు, పాలు విరిగాయని ఇంట్లో చీవాట్లు తింటారు. సినిమా సౌండ్ వాళ్లు పాటించే చిట్కా ఒకటుంది. ఫ్రిజ్ ఆపిన వెంటనే మీ బండి తాళాలు దాన్లోనే పెట్టండి. ఫ్రిజ్ తెరవకుండా బయటికి వెళ్లలేరు.

ఇక గ్రైండర్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, మిగతా వస్తువులకీ ఇదే పద్ధతి. ఇంట్లో గ్రైండర్ లేకపోతే పక్కింట్లో అడగండి. “పిన్నిగారూ, మీరు పిండి రుబ్బేటప్పుడు ఓ పావుగంట నా రికార్డర్ అక్కడ పెట్టుకోనా?” అంటే నవ్వుతారేమో కానీ కాదనరు. రికార్డర్‌ను గ్రైండర్ ఉన్న గట్టు మీద పెట్టకండి. గట్టు వణుకు మైకులోకి ఎక్కి బొంగురు మోత తప్ప ఏమీ మిగలదు. పక్కన స్టూలు వేసి, దాని మీద మడత పెట్టిన తువ్వాలు వేసి, జానెడు దూరంలో పెట్టండి.

ఇప్పుడు వినండి. స్విచ్ టిక్కుమంటుంది, మోటారు ఒక్క క్షణం గుర్రుమని వేగం అందుకుంటుంది. నానిన పప్పు రాళ్ల కింద పడి గరగరమంటుంది. కొన్ని నిమిషాలకు గరగర తగ్గి తపతప మొదలవుతుంది. నీళ్లు చల్లినప్పుడల్లా ఆ తపతప స్వరం మారుతుంది. పిండి పొంగాక రాళ్లు దాదాపు మెత్తగా దొర్లుతాయి. ఆపగానే మోటారు మోత దిగిపోయి, రాయి చివరిసారి దొర్లి గిన్నెకు తగిలి ఆగుతుంది. ఇది ఒక ఫైలు కాదు, ఐదు: మొదలవడం, పప్పు దశ, పిండి దశ, నీళ్లు చల్లడం, ఆగడం. ‘మొదలవడం’ తర్వాత ‘పప్పు దశ’ ఎంతసేపు కావాలంటే అంతసేపు లూప్ చేసి, చివర ‘ఆగడం’ అతికించుకుంటే సీన్ ఎంత నిడివైనా సరిపోతుంది. ఎడిటర్‌కి కావాల్సింది ఇదే. పావుగంట ఫైలు మొత్తం ఎక్కించి ‘మీకు కావాల్సింది ఏరుకోండి’ అంటే ఎవరూ ఏరుకోరు.

చప్పుడంతా అయిపోయాక వెంటనే ఆపకండి. ఎవరూ కదలకుండా ఆ గది ఖాళీ నిశ్శబ్దాన్ని అరనిమిషం తీసిపెట్టుకోండి. తర్వాత శుభ్రం చేసేటప్పుడు అదే ఆధారం. మొదట్లో మీ గొంతుతో ‘అడయార్, వంటిల్లు, గ్రైండర్, రెండో టేకు’ అని ఒక మాట చెప్పుకుంటే నెల తర్వాత ఏ ఫైలేమిటో తికమకపడరు. ఎక్కించే ముందు ఆ మాట కోసేస్తారు, అంతే.

వీధిలో తీసేటప్పుడు పాటల గొడవ

చెన్నై వీధుల్లో సాయంత్రం ఏది రికార్డు చేసినా వెనకాల ఒక సినిమా పాట ఉంటుంది. టీ కొట్టు రేడియో, ఆటోలో స్పీకరు, పెళ్లి మండపం, తమిళుల ఆడి నెలలో అమ్మవారి గుడి మైకు. మీ చెవికి వినబడీ వినబడనట్టున్నా సైట్ల మెషిన్లకు వినబడుతుంది. మీ ట్రాఫిక్ సౌండ్ వాడుకున్నవాడి వీడియో మీద ఏదో మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ పడితే అతను మిమ్మల్నే తిట్టుకుంటాడు. పాట వినిపించిన టేకు ఎంత బావున్నా పక్కన పెట్టేయండి. ఫిల్టర్లతో తీసేద్దామని తిప్పలు పడటం దండగ.

అందుకే వీధి సౌండ్లకు తెల్లవారుజాము మంచిది. నాలుగున్నర, ఐదు మధ్య పాలబండి, సైకిల్ బెల్లు, వాకిట్లో నీళ్లు చల్లడం, చీపురు అన్నీ విడివిడిగా దొరుకుతాయి. వెలుగు రాగానే కాకులు మొదలుపెడతాయి. ఆ తర్వాత ఈ ఊళ్లో కాకి లేని టేకు దొరకదు, ఎండాకాలమైతే కోయిల కూడా తోడు. వాన కావాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. రేకుల షెడ్డు కింద, కొబ్బరాకుల మీద, బాల్కనీ గ్రిల్లు మీద వేరువేరుగా తీయండి. మామూలు వాన వద్దన్నాను గానీ రేకుల మీద చెన్నై కుండపోత వేరే సరుకు.

మనుషుల మాటలున్న చోట రెండు జాగ్రత్తలు. గుంపు గోల అంటే మాటలు విడిగా అర్థం కాని గోల, దానికి ఎవరూ ఏమీ అనరు. ఇద్దరు మాట్లాడుకునేది స్పష్టంగా పడితే అది వాళ్ల సొంత సంగతి. వాళ్లను అడక్కుండా నెట్‌లో పెట్టకండి. రెండోది, కోయంబేడులో బేరాల గోల తీశారనుకోండి, మధ్యలో ఎవరో ఒక పచ్చి బూతు అన్నాడు. అది ఫైల్లో ఉంటే వివరణలో రాయాలి, లేదా కోసేయాలి. తమిళం రాని ఎడిటర్ దాన్ని పట్టుకెళ్లి పిల్లల కార్టూన్‌లో వేసుకుంటాడు.

ఎయిర్‌పోర్టు, హార్బర్ లోపల, మిలిటరీ స్థలాల దగ్గర రికార్డర్ బయటికి తీయకండి. గుళ్లల్లో బోర్డు చూసుకోండి, బోర్డు లేకపోయినా అడగండి. బొచ్చు కవర్ తొడిగిన మైకు సెక్యూరిటీ వాళ్లకు ఎలా కనిపిస్తుందో ఒకసారి ఆలోచించుకోండి.

కోయడం, శుభ్రం చేయడం

దీనికి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్ చాలు, ఉచితం. రీపర్ అయితే 60 రోజులు వాడి చూసి నచ్చితే కొనుక్కోవచ్చు. ముందు మీ పచ్చి రికార్డింగ్‌ను కాపీ చేసి పక్కన పెట్టండి. దాన్ని ముట్టుకోకండి, ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట్లో, చివర్లో ఖాళీ కోసేయండి. ఫైలు నొక్కగానే చప్పుడు రావాలి. అర సెకను ఆలస్యమైతే గేమ్‌లో వాడేవాడికి పనికిరాదు. మొదట్లో, చివర్లో ‘టిక్’ వినబడకుండా కొద్దిపాటి ఫేడ్ (చప్పుడు మెల్లగా పెరగడం, తగ్గడం) ఇవ్వండి. గంట, గిన్నె లాంటివి అయితే మోత పూర్తిగా చచ్చేదాకా ఉంచండి, తోకను తొందరపడి నరకొద్దు.

సన్నగా ‘మ్‌...’ అని ఒక మోత వినిపిస్తే అది కరెంటు హమ్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100, 150 దగ్గర సన్నటి నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క స్థాయి మోతను మాత్రమే తీసేసేవి) వేస్తే చాలావరకు పోతుంది. నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని గట్టిగా వాడితే సౌండ్ నీళ్లలోంచి విన్నట్టు అయిపోతుంది. కాస్త హిస్ (‘స్‌...’ అనే సన్న రొద) ఉన్నా ఫరవాలేదు, ఎడిటర్ దాన్ని భరిస్తాడు. నీళ్ల సౌండ్‌ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. అలాగే రివర్బ్ (గది ప్రతిధ్వని), కంప్రెషన్ (గట్టి, మెల్ల చప్పుళ్ల తేడా తగ్గించడం) ఏవీ కలపకండి. వాటిని అతను తన సీనుకు తగ్గట్టు వేసుకుంటాడు. మీరు వేసిన రివర్బ్‌ను తీసేయడం అతని వల్ల కాదు.

చివరగా లెవల్. తలుపు, విజిల్ లాంటి ఒంటి చప్పుళ్లను మైనస్ 1 డెసిబెల్ దాకా పెంచవచ్చు. వీధి వాతావరణం, గది నిశ్శబ్దం లాంటివాటిని పెంచకండి, అవి సహజంగా మెల్లగా ఉండాల్సినవే.

లూప్ కట్టడం

వాతావరణం లూప్ చేయడానికి పాత చిట్కా ఒకటే. నిమిషం ముక్క తీసుకుని సరిగ్గా మధ్యలో కోయండి. రెండో సగాన్ని ముందుకు, మొదటి సగాన్ని వెనక్కి జరపండి. ఇప్పుడు కొత్త ఫైలు చివర, మొదలు నిజానికి ఒకే చోట కోసిన అంచులు కనుక అవి వాటంతటవే కలుస్తాయి. అతుకు మధ్యలోకి వచ్చింది కదా, అక్కడ రెండు మూడు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) వేయండి. తర్వాత పదిసార్లు వరసగా తిప్పి వినండి. ఏదైనా విడిగా తెలిసే చప్పుడు, ఒక హారనో ఒక దగ్గో ఉంటే ప్రతి నిమిషానికీ అదే మనిషి దగ్గుతున్నట్టుంటుంది. దాన్ని తీసేయాల్సిందే.

సంగీతం లూప్‌కి లెక్క ముఖ్యం. ఒక బీట్ నిడివి 60ని టెంపోతో భాగిస్తే వస్తుంది. టెంపో 100 అయితే బీట్ 0.6 సెకను. ఆది తాళం ఒక ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) 8 బీట్లు, రెండు ఆవర్తనాలు అంటే 16 బీట్లు, 9.6 సెకన్లు, 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే సౌండ్ కొలతలు) సరిగ్గా 4,60,800 శాంపిళ్లు. ఆడాసిటీలో సెలెక్షన్‌ను శాంపిళ్లలో చూపించేలా పెట్టుకుని అంతే కోయండి. కంటితో ‘దాదాపు ఇక్కడ’ అని కోస్తే నాలుగు తిరుగుళ్లకే డ్రమ్స్‌తో విడిపోతుంది. మిశ్రచాపు అయితే ఆవర్తనానికి ఏడు, నాలుగు ఆవర్తనాలకు 28. వాటిని నిమిషానికి 140 చొప్పున వాయిస్తే సరిగ్గా 12 సెకన్లు. దీన్ని బయటివాళ్ల కోసం ‘సెవెన్ ఎయిట్’ (7/8) అని కూడా రాయండి, లేకపోతే నాలుగు బీట్ల పాటలో పెట్టి ‘ఈ లూప్ తప్పు’ అని కామెంటు పెడతారు.

ఈ లెక్క సరిపోవాలంటే వాయించేవాళ్ల చెవిలో క్లిక్ (టెంపో ప్రకారం బీట్‌బీట్‌కూ టిక్కుమనే సౌండ్) పెట్టి వాయించమనండి. కచేరీలు చేసేవాళ్లకు ఇది మొదట్లో చిరాకు. వాళ్ల నడక సహజంగా ఊపిరి తీసుకుంటుంది, క్లిక్ తీసుకోదు. ఒక పని చేయొచ్చు. క్లిక్‌తో ఒకటి, క్లిక్ లేకుండా ఒకటి తీసి రెండోదాన్ని ‘ఫ్రీ టెంపో’ అని విడిగా పెట్టండి. నా మటుకు రెండోదే ఎక్కువ బావుంటుంది, ఎక్కువమంది వాడేది మాత్రం మొదటిదే. ఆ తర్వాత కంప్యూటర్లో ప్రతి దెబ్బనూ గీత మీదికి లాగడం మాత్రం చేయకండి, మృదంగంలో మృదంగం పోతుంది.

శ్రుతిని కూడా తర్జుమా చేసి రాయాలి. మనం ‘ఐదున్నర శ్రుతి’ అంటే బయటి నిర్మాతకు ఏమీ అర్థం కాదు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మృదంగం కుడివైపు ఏ శ్రుతికి కట్టి ఉందో అదే రాయండి. ఘటమైతే ట్యూనర్ యాప్‌తో చూసి రాయండి. వీణ, వేణువు లూప్‌లకు రాగం పేరు కూడా చేర్చండి.

మోత తోక ఉన్న వాయిద్యాల్లో ఇంకో చిక్కు. చివరి దెబ్బ తోక లూప్ హద్దు దాటిపోతుంది. కోసేస్తే అతుకు తెలుస్తుంది. అదే నడకను రెండుసార్లు వరసగా వాయించి రెండోసారిది కోసుకోండి. మొదటిసారి తోక రెండోదాని మొదట్లో ఉంటుంది కనుక తిప్పినప్పుడు సహజంగా కలుస్తుంది.

లూప్‌ను ఎమ్‌పీ3గా ఇవ్వకండి. ఆ ఫార్మాట్ ఫైలు మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుస్తుంది, శాంపిళ్లు లెక్కపెట్టి కోసిన శ్రమంతా వృథా. వేవ్ లేదా ఫ్లాక్ ఇవ్వండి. ఫ్లాక్‌లో నాణ్యత ఏమీ పోదు, సైజు తగ్గుతుంది. స్నేహితుడు తన ఫోన్‌లో తీసింది వాట్సాప్‌లో పంపిస్తానంటే ‘డాక్యుమెంట్‌గా పంపు’ అని చెప్పండి. ఆడియోగా పంపితే నలిగిపోయి వస్తుంది.

ఇది నిజంగా మీదేనా

చాలామంది దొరికిపోయేది ఇక్కడే. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం మీరు రికార్డు చేసిన క్షణం నుంచే ఆ రికార్డింగ్ మీద హక్కు మీది, ఎక్కడా రిజిస్టర్ చేయనక్కర్లేదు. ఆ హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఎదుటివాళ్ల రికార్డింగ్‌కీ అదే వర్తిస్తుంది. త్యాగరాజస్వామి 1847లో పోయారు, ఆయన కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. ఫలానా విద్వాంసుడు పాడిన క్యాసెట్‌లోంచి నాలుగు సెకన్లు కోసుకోవడం మాత్రం కుదరదు. రెండూ వేరువేరు హక్కులు. కీర్తనను మీరు వాయించి రికార్డు చేస్తే సరి.

స్నేహితుడు వాయిస్తే అతనికీ కళాకారుడిగా హక్కుంటుంది. టీ తాగుతూ ‘పెట్టుకోరా, దాందేముంది’ అన్న మాట సరిపోదు. రాతలో తీసుకోండి. ‘నేను ఫలానా తేదీన వాయించిన ఈ లూప్‌లను ఈ లైసెన్స్ కింద నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నాను’ అని ఒక మెసేజ్ పంపించుకోండి. లైసెన్స్ పేరు అందులో ఉండాలి, ఎందుకంటే ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునేది కాదు. గురువుగారు వాయించారనుకోండి, అడగడానికి మొహమాటమేస్తుంది. అయినా సరే, ‘గురువుగారూ, దీన్ని ఎవరైనా డబ్బులకు కూడా వాడుకోవచ్చు, మీకు సమ్మతమేనా?’ అని విడమరిచి చెప్పి అడగండి. ఆయన వద్దంటే వదిలేయండి.

మూడో చిక్కు డబ్బిచ్చి కొన్న శాంపిల్ ప్యాక్‌లది (రెడీమేడ్ సౌండ్ల కట్టలది). ప్యాక్‌లోని కిక్, స్నేర్ లాంటి డ్రమ్ దెబ్బలు పెట్టి పాట కట్టుకోవడానికి మీకు అనుమతి ఉంటుంది. వాటినే మళ్లీ లూప్‌గా విడిగా పంచడానికి సాధారణంగా ఉండదు. ఆపిల్ ప్రోగ్రాములతో వచ్చే ఆపిల్ లూప్స్ కూడా అంతే, పాటలో వాడుకోవచ్చు, విడి లూప్‌గా పంచకూడదు. కీబోర్డులో వచ్చే రెడీమేడ్ రిథమ్‌లకూ ఇదే అనుమానం వర్తిస్తుంది. ‘ఒరిజినల్’ అని పెట్టాలంటే ప్రతి చప్పుడూ మీరు తీసిందో, మీరు పుట్టించిందో అయ్యుండాలి. ఏఐతో చేయించినదైతే దాచకుండా అలాగే రాయండి.

లైసెన్స్

ఫ్రీసౌండ్‌లో మూడు క్రియేటివ్ కామన్స్ (మీ పనిని ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే రెడీమేడ్ లైసెన్సులు) దారులుంటాయి. సీసీ జీరో అంటే ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, మీ పేరు కూడా చెప్పనక్కర్లేదు. అట్రిబ్యూషన్ అంటే మీ పేరు చెప్పి వాడుకోవాలి. నాన్‌కమర్షియల్ అంటే పేరు చెప్పాలి, పైగా వ్యాపారానికి వాడకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విజిల్, తలుపు, గ్రైండర్ లాంటివాటికి సీసీ జీరో ఇచ్చేయండి. ఒక సినిమాలో వందల చప్పుళ్లుంటాయి, అన్నింటికీ పేర్లు వేయడం ఎడిటర్‌కి తలనొప్పి, వదిలేస్తాడు. సంగీతం లూప్‌లకు అట్రిబ్యూషన్ పెట్టండి. అక్కడ మీ చేతి పనితనం ఉంది, పేరు అడగడంలో తప్పులేదు. నాన్‌కమర్షియల్ పెడితే భద్రంగా ఉంటుందనిపిస్తుంది కానీ యూట్యూబ్‌లో ప్రకటనలు వేసే కుర్రాడు కూడా ‘నాది వ్యాపారమేమో’ అని భయపడి ముట్టుకోడు. డబ్బు కావాలనుకుంటే ఉచితంగా పెట్టకుండా అమ్ముకోవడమే నిజాయితీ.

కంటెంట్ ఐడీ, అంటే వీడియోల్లో ఎవరి సంగీతం ఉందో కనిపెట్టే యూట్యూబ్ మెషిన్, గురించి ఒక మాట. మీ లూప్‌తో ఎవరో పాట కట్టి, ఆ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో చేర్పిస్తే, అదే లూప్ వాడిన మిగతా అందరి మీదా, ఒక్కోసారి మీ మీదే క్లెయిములు పడతాయి. లూప్‌లనూ, సౌండ్ ఎఫెక్ట్‌లనూ అలా చేర్చకూడదని యూట్యూబ్ నియమం ఉంది, అయినా జరుగుతుంటాయి. అప్పుడు మీకు అక్కరకొచ్చేవి మీరు ముట్టుకోకుండా దాచిన పచ్చి రికార్డింగ్, ప్రాజెక్టు ఫైలు, ముందుగా ఎక్కించిన పేజీ తేదీ. వాటిని చూపించి డిస్ప్యూట్ (ఆ క్లెయిము తప్పని అభ్యంతరం) వేయండి. మీ లూప్ వాడుకున్నవాళ్లకు కూడా ఆ పేజీ లింకు పెట్టి డిస్ప్యూట్ వేయమని చెప్పండి. మీరూ మీ లూప్‌లను అందులో చేర్పించే పని పెట్టుకోకండి. పంచింది మళ్లీ లాక్కున్నట్టవుతుంది.

పేరు, వివరణ

ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, ఖాళీల బదులు అండర్‌స్కోర్. ముందు వస్తువు, తర్వాత అది చేస్తున్న పని, తర్వాత చోటు: గ్రైండర్, పిండి దశ, వంటిల్లు, దగ్గర నుంచి. లూప్ అయితే వాయిద్యం, తాళం, టెంపో, శ్రుతి పేరులోనే ఉండాలి. దించుకున్నాక అతని ఫోల్డర్లో పేరొక్కటే మిగులుతుంది, మీ పేజీ అతనితో రాదు. ‘కూల్ సౌండ్ 3’ అని పెడితే ఇక అంతే సంగతులు.

వివరణలో మొదటి వాక్యంలోనే ఏముందో చెప్పాలి. తర్వాత ఎక్కడ, ఏ సమయంలో, దేనితో తీశారు, ఎంత దూరం నుంచి. ఆ తర్వాత లోపాలు: ‘0:42 దగ్గర కాకి ఉంది’, ‘చివర్లో దూరంగా హారన్’. లోపం రాస్తే డౌన్‌లోడ్లు తగ్గుతాయని భయపడకండి. ముందే తెలిస్తే అతను ఆ ముక్క కోసేసుకుని వాడుకుంటాడు. తెలియకుండా మిక్సింగ్‌లో బయటపడితే మీ పేరున్న ఫైలు మళ్లీ ముట్టుకోడు.

ట్యాగులు పెట్టేటప్పుడు మీకు తెలిసిన పేరూ, తెలియనివాడు వెతికే పేరూ రెండూ ఇవ్వండి. తాలింపు, పోపు అని మనం వెతుకుతాం, వాడు ఫ్రైయింగ్, సిజిల్, మస్టర్డ్ సీడ్స్ అంటాడు. ఇండియా, చెన్నై, కిచెన్ తప్పనిసరి. సంబంధం లేని ట్యాగులు తగిలించకండి, వెతికేవాళ్లకు విసుగొస్తుంది. మ్యాపులో చోటు గుర్తు పెట్టే వీలుంటే వీధి సౌండ్లకు పెట్టండి, ఇంట్లో తీసినవాటికి వద్దు. మీ ఇంటి గుమ్మం ప్రపంచానికి చూపించాల్సిన పనిలేదు.

ఎక్కించాక

ఫ్రీసౌండ్‌లో ఎక్కించగానే కనిపించదు, ఎవరో ఒక మనిషి విని ఒప్పుకోవాలి. అందుకే మొదటిసారే రెండు వందల ఫైళ్లు గుమ్మరించకండి. ఐదారు పెట్టి, ఏమంటారో చూసి, దాన్నిబట్టి మిగతావి సర్దుకోండి. తిరస్కరిస్తే కారణం చదవండి. ఎక్కువగా వివరణ చాలకపోవడమో, హక్కుల అనుమానమో అయ్యుంటుంది.

అట్రిబ్యూషన్ పెట్టిన లూప్‌లకు ఎలా పేరు వేయాలో ఒక వాక్యం మీరే రాసిపెట్టండి: లూప్ పేరు, మీ యూజర్‌నేమ్, లైసెన్స్ పేరు, లింకు. కాపీ చేసుకోవడానికి సిద్ధంగా ఉంటే వేస్తారు, వాళ్లే కూర్చుకోవాలంటే బద్ధకిస్తారు. ఎవరైనా పేరు వేయకుండా వాడితే మొదటి మెసేజ్ మర్యాదగానే పెట్టండి, చాలామంది తెలియక మరచిపోయినవాళ్లే, వెంటనే చేరుస్తారు.

‘కాకి లేకుండా ఇంకో టేకు ఉందా?’, ‘ఇదే లూప్ 90 టెంపోలో దొరుకుతుందా?’ అని అడిగేవాళ్లు వస్తారు. ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని ఒక ముక్క చెప్పండి. టెంపో మార్చమంటే కంప్యూటర్లో సాగదీసి ఇవ్వకండి, ఆ పని వాళ్లూ చేసుకోగలరు. మళ్లీ వాయించగలిగితేనే ఒప్పుకోండి. ఫైల్లో తప్పు బయటపడితే, అంటే టెంపో తప్పు రాశారనో, వెనకాల పాట ఉందనో ఎవరైనా చెబితే, వివరణ ఆరోజే సరిచేయండి. పాట ఉంటే ఫైలు తీసేయండి, ఎన్ని డౌన్‌లోడ్లున్నా సరే. పచ్చి రికార్డింగ్‌లు, ఒప్పుకోలు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఒకే ఫోల్డర్లో పెట్టి, దాని కాపీ ఇంకో హార్డ్ డిస్క్‌లో కూడా ఉంచుకోండి.